ఒక సంచీ చరిత్ర

పల్నాటి చరిత్ర అనగానే మనవారికి కోడిపోరు, నాగమ్మ మంత్రాంగం, బ్రహ్మనాయుని చాపకూడు, కారెంపూడి రణభూమి గుర్తుకు వస్తాయి. ముప్పై మూడేళ్ళ పాటు ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితునిగా పనిచేసిన నేను కూడా ఆ చరిత్రనే పిల్లలకు చెప్పాను. బాలచంద్రుడు యుద్ధానికి వెళ్ళే ఘట్టం చెబుతుంటే వెనుక బల్లల వాళ్ళు సైతం నిశ్శబ్దంగా వినేవారు. నేడు నేను వ్రాయబోతున్నది అంత ఘనమైన చరిత్ర కాదు. మా ఇంటి వసారాలో మేకుకు వేలాడుతుండే ఒక సంచీ చరిత్ర.

దీనికి సందర్భం ఉన్నది. కొన్నాళ్ళ క్రితం గురజాల ప్రాంతం నుండి నా పూర్వ విద్యార్థిని ఒకామె ఫోను చేసింది. ఆమె కుమారునికి తొమ్మిదేళ్ళు. నడవలేడు, కూర్చోలేడు, ఒంటికీ రెంటికీ వస్తే చెప్పలేడు. "మాస్టారూ, వీణ్ణి తీసుకుని తిరుపతి వెళ్ళాలని మొక్కుకున్నాము. దారిలో ఎట్లా..." అని, ఆ 'ఎట్లా' తరువాత మాట దొరకక ఆగిపోయింది. తెలుగు చెప్పి బ్రతికినవాణ్ణి కదా, ఆమెకు ఆ మాట నేనైనా అందిద్దామనుకున్నాను. నాకూ దొరకలేదు.

ఆలోచించి చూడండి. పసిబిడ్డకు మన భాషలో పొత్తిళ్ళున్నాయి, పొత్తిగుడ్డలున్నాయి, ఉయ్యాల గుడ్డలున్నాయి. బిడ్డ తప్పటడుగులు వేసేనాటికి ఆ మాటల అవసరం తీరిపోతుంది. అటుపైన అదే పని చేసిన పిల్లవానికి తిట్లే గాని మాటలు లేవు. పదేళ్ళవానికీ, పదిహేనేళ్ళవానికీ పొత్తిగుడ్డ కావలసివస్తుందని మన భాష ఊహించనేలేదు. అందుకే చివరకు ఆంగ్లమే గతి అయింది. 'డైపరు' అనే మాట పుట్టుక కూడా చిత్రమైనదే. గ్రీకు మూలం నుండి లాటిను, ప్రాచీన ఫ్రెంచి భాషల గుండా వచ్చిన ఈ మాటకు మొదట మిక్కిలి తెల్లనిదనే అర్థముండేదట. తరువాత వజ్రాకారపు నేతగల విలువైన వస్త్రానికి పేరయింది. షేక్స్పియరు నాటకంలో ధనికుల ఇంట చేతులు తుడుచుకునే తువ్వాలును ఆ మాటతోనే పిలిచాడు. పట్టుబట్టల పక్కన నిలిచిన మాట పసిపిల్లల పిరుదుల కిందికి దిగివచ్చింది. పదాలకు కూడా అర్థాపకర్ష తప్పదు.

పురాణాలలో వెదికితే ఏమైనా దొరుకుతుందా అని చూశాను. తల్లిదండ్రులను కావడిలో మోసిన శ్రవణకుమారుని కథ ఊరూరా చెప్పుకుంటాము. వాల్మీకంలో ఆ మునికుమారునికి ఆ పేరూ లేదు, ఆ కావడీ లేదు, అది వేరే సంగతి. కొడుకు తల్లిదండ్రులను మోయడం కథ అయింది. తల్లిదండ్రులు ఎదిగిన కొడుకును మోయడం ఏ కథా కాలేదు. అష్టావక్రుడు పన్నెండేళ్ళ వయసులో మేనమామ శ్వేతకేతునితో కలిసి జనకుని సభకు వెళ్ళాడని భారతం అరణ్యపర్వంలో ఉన్నది. ఎనిమిది వంకరల దేహంతో అంత దూరం ఎలా వెళ్ళాడో, దారిలో ఎక్కడెక్కడ ఆగాడో కవి చెప్పలేదు. నేను పాఠం చెప్పే రోజుల్లో నాకూ ఆ సందేహం రాలేదు, మా అబ్బాయి పుట్టేవరకు.

మా అబ్బాయి 1988లో పుట్టాడు. పుట్టిన వెంటనే ఏడవలేదు. మస్తిష్క పక్షవాతం అని ఏడాదికి గాని తెలియలేదు. ఆ రోజుల్లో వైద్యులు, పరీక్షలు, కాళ్ళకు పట్టీలు, అన్నిటికీ ప్రయాణాలే. పల్నాటి వారికి హైదరాబాదు వెళ్ళాలంటే మాచర్ల నుండి సాగర్ మీదుగా బస్సు ఉండేది. రైలైతే గుంటూరు, బెజవాడ తిరిగి వెళ్ళాలి. నడికుడి నుండి మిర్యాలగూడ, నల్గొండ మీదుగా బీబీనగర్ వరకు రైలుమార్గం పూర్తయ్యాక మాకు సికింద్రాబాదు దగ్గరయింది. బోయినపల్లిలో 1984లో నెలకొల్పిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ (ఇప్పుడు దాని పేరు మారింది) కు మేము ఆ దారినే వెళ్ళేవాళ్ళం.

రైలు మాట వచ్చింది గనుక ఒక చిన్న ముచ్చట. మన దేశంలో తొలి ప్రయాణికుల రైలు 1853లో బొంబాయి నుండి ఠాణాకు నడిచింది. ఆ తరువాత అర్ధ శతాబ్దానికి పైగా మూడవ తరగతి పెట్టెలలో మరుగుదొడ్లు లేవు. 1909లో అఖిల్ చంద్ర సేన్ అనే బెంగాలీ ప్రయాణికుడు సాహిబ్‌గంజ్ రైలు కార్యాలయానికి ఒక లేఖ వ్రాశాడు. పనసపండు తిన్నాడట. కడుపు ఉబ్బి, అహ్మద్‌పూర్ స్టేషనులో దిగి పక్కకు వెళ్ళాడు. అంతలో గార్డు ఈల వేశాడు. ఒక చేత లోటా, ఒక చేత ధోవతి పట్టుకుని పరుగెత్తి, ఆడా మగా చూస్తుండగా ప్లాట్‌ఫారం మీద పడిపోయాడు. ఆ లేఖ ఢిల్లీలోని రైలు మ్యూజియంలో ఉన్నది. వచ్చీరాని ఆంగ్లాన్ని చూసి అందరూ నవ్వుకుంటారు. రైళ్ళలో మరుగుదొడ్లు రావడానికి అదే కారణమని చెప్పుకుంటారు. నేను దానిని నవ్వుతో చదవలేకపోయాను. నలుగురిలో ధోవతి జారినవాని అవమానం అందులో ఉన్నది.

ఇక సంచీ. మొదటిది ఖాకీ గుడ్డతో మా ఇల్లాలు కుట్టినది. అందులో పాత మంగళగిరి నేత చీరలు చింపి మడిచిన గుడ్డలు పన్నెండు, ఆసుపత్రులలో వాడే ఎర్ర రబ్బరు షీటు ఒకటి, కొబ్బరినూనె సీసా, తుండుగుడ్డలు రెండు, నీళ్ళతో మరచెంబు, తడిసినవి వేయడానికి యూరియా బస్తా లోపలి ప్లాస్టిక్ సంచీ. కొత్త గుడ్డ కంటె నలభై ఉతుకుల పాత గుడ్డ తడిని బాగా పీల్చుకుంటుంది. ఈ శాస్త్రం ఏ గ్రంథంలోనూ లేదు, మా అత్తగారి దగ్గర ఉండేది.

తొమ్మిదేళ్ళు వచ్చేవరకు ఈ పని యావత్తూ మా ఇల్లాలిదే. నేను టిక్కెట్లు కొనేవాణ్ణి, సామాను మోసేవాణ్ణి, పిల్లవాణ్ణి ఎత్తుకుని బస్సు ఎక్కించేవాణ్ణి. గుడ్డ మార్చే సమయానికి కిటికీ వైపు ముఖం తిప్పుకునేవాణ్ణి. అది నా పని కాదనే భావం నాలో ఎంత సహజంగా ఉండేదంటే, దానిని భావమని కూడా గుర్తించలేదు.

1998 వేసవిలో ఒక ఊరి బస్టాండులో దిగాము. ఊరి పేరు అనవసరం. మా ఇల్లాలు వాణ్ణి ఎత్తుకుని ఆడవారి వైపు వెళ్ళింది. పదేళ్ళవాడు, కాళ్ళు ఆమె మోకాళ్ళ కిందికి వేలాడుతున్నాయి. గుమ్మంలో కూర్చున్న మనిషి అడ్డుకున్నది. "ఇంత మగపిల్లాణ్ణి ఇటు తెస్తావా?" లోపలున్న ఆడవాళ్ళు కూడా గొంతు కలిపారు. వారి మాటలో తప్పు లేదు, ఆమె అవసరంలోనూ తప్పు లేదు. ఆమె తిరిగి వచ్చి, మాట్లాడకుండా వాణ్ణి నా చేతుల్లో పెట్టి, సంచీ నా భుజానికి తగిలించింది. మగవారి వైపు నేల తడి, కుళాయి లేదు, పడుకోబెట్టడానికి జానెడు చోటు లేదు. రబ్బరు షీటు పరిచాను. గుడ్డ ఎలా మడవాలో నాకు తెలియదు. కాళ్ళు బిగుసుకుని ఉంటే వాటిని ఎలా విడదీయాలో తెలియదు. బలవంతంగా లాగితే వాడు ఏడ్చాడు. మూత్రానికి వచ్చిన వారు చూసి వెళ్ళిపోతున్నారు. ఛందస్సులో యతిప్రాసలు తప్పితే కాగితం మీద ఎర్రగీత గీసిన చేతులివి. కన్నకొడుకుకు గుడ్డ కట్టడం రాలేదు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి, నేర్పించమని ఆమెను అడిగాను. ఆమె నేర్పింది. ముందు మోకాళ్ళను రెండింటినీ కలిపి మెల్లగా కడుపు వైపు వంచి, కాసేపు ఆగాలి. బిగువు దానంతట అది సడలుతుంది. అప్పుడు ఒక పక్కకు దొర్లించి, మడత గుడ్డ సగం కిందికి తోసి, రెండవ పక్కకు దొర్లించి లాగాలి. పైకి ఎత్తకూడదు. ఎత్తితే వానికి నొప్పి, మనకు నడుము.

మరొక తప్పు ఇద్దరమూ కలిసి చేశాము. దానిని దాచడం న్యాయం కాదు. ప్రయాణమంటే ముందురోజు సాయంత్రం నుండే వానికి నీళ్ళు తగ్గించేవాళ్ళం. తడిస్తే గదా ఈ బాధ అని. వేసవిలో వాతావరణ వార్తలు వినేవారికి రెంటచింతల పేరు చెప్పనక్కరలేదు. ఆ ఎండల్లో, ఇనుప రేకుల బస్సులో, నోరు తెరిచి అడగలేని పిల్లవానికి నీళ్ళు ఇవ్వకుండా తీసుకువెళ్ళాము. ఒకసారి తిరిగివచ్చిన మరునాడు చలిజ్వరం వచ్చింది. మూత్రంలో చీము. నరసరావుపేటలో వైద్యుడు పరీక్షలు చూసి, ప్రయాణంలో ఏమి తాగించారని అడిగాడు. చెప్పాము. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత "మీరు మాస్టారు గదా" అన్నాడు. ఇరవై ఏళ్ళు దాటినా ఆ నాలుగు ముక్కలు మరపునకు రాలేదు.

డైపరు మా ఇంటికి వచ్చింది ఆ తరువాతనే. దాని చరిత్రలో నాకు నచ్చిన సంవత్సరం 1961. అమెరికాలో పాంపర్స్ అనే పారవేసే డైపరు అంగడికి వచ్చింది ఆ ఏడే. అదే ఏడు మే 5న అలన్ షెపర్డ్ అనే వ్యోమగామి అంతరిక్షానికి బయలుదేరాడు. ప్రయాణం పావుగంటే గనుక మూత్ర విసర్జనకు ఏ ఏర్పాటూ చేయలేదు. కాని రాకెట్టు పైకి లేచేలోగా నాలుగు గంటలకు పైగా ఆ గూటిలో వెల్లకిలా కట్టివేయబడి ఉన్నాడు. ఇక ఆపుకోలేనని చెబితే, కింద నుండి ఆలోచించి, దుస్తులలోనే కానిమ్మన్నారు. ఒంటికి అంటించిన పరికరాలు పాడు కాకుండా విద్యుత్తు ఆపి మరీ కానిచ్చారు. ఆ తరువాతి కాలంలో వ్యోమగాముల దుస్తులలో పెద్దల డైపరు వంటి వస్త్రం అధికారికంగానే చేరింది. చంద్రమండలం మీద కూడా నడచివచ్చిన షెపర్డ్‌ను చూసి ఎవరూ నవ్వలేదు. లేచి వెళ్ళడానికి వీలులేని మనిషికి ఏది అవసరమో అది అమర్చారు.

డైపరు లోపలి దూదిలో కలిసి ఉండే తెల్లని పొడి ఒక రకం ప్లాస్టిక్కే. మంచినీరైతే తన బరువుకు కొన్ని వందల రెట్లు పీల్చి జిగురుముద్ద అవుతుంది. మూత్రంలో ఉప్పు ఉంటుంది గనుక అంత పీల్చదు. అయినా ఒకటి కడితే నాలుగు గంటలు చర్మం పొడిగా ఉంటుంది. కాని పసిపిల్లలవి ఏడెనిమిదేళ్ళవానికి పట్టవు, పెద్దవారివి నడుము దగ్గర జారిపోతాయి. ఈ నడిమి వయసు పిల్లలకు సరిపడేవి మా ఊళ్ళలో దొరికేవి కావు. పెద్దవారి డైపరునే ఇరుప్రక్కలా మడిచి, పైన పాత నిక్కరు తొడిగేవాళ్ళం. నా విద్యార్థినికి నేడు కూడా అదే ఇబ్బంది.

చర్మానికి సుఖమైంది, జేబుకు కాదు. రోజుకు నాలుగు చొప్పున నెలకు నూట ఇరవై. ఇంట్లో పగలు గుడ్డలు, రాత్రికీ ప్రయాణానికీ డైపర్లు, ఇది మా ఒడంబడిక. స్త్రీల నెలసరి న్యాప్‌కిన్లపై జీఎస్టీ 2018లో పూర్తిగా ఎత్తివేశారు, సంతోషం. డైపర్లపై పన్నెండు శాతం అలాగే ఉండి, 2025 సెప్టెంబరు 22 నుండి ఐదు శాతమయింది. ఆంధ్ర రాష్ట్రంలో వికలాంగుల పింఛను 2024లో మూడు వేల నుండి ఆరు వేలయింది, మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమైన వారికి పదిహేను వేలు. ఆ సొమ్ములో ఎంత భాగం డైపర్ల దుకాణానికి పోతుందో ఇటువంటి ఇళ్ళవారిని అడిగితే తెలుస్తుంది.

ధ్రువపత్రాల సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతాను. 2010 ప్రాంతంలో వైకల్య శాతం నిర్ణయించే సదరం శిబిరాలు వచ్చాయి. మనిషిని ఎదుట చూసి గాని శాతం వేయరు. మేము వెళ్ళిన శిబిరంలో ఉదయం నుండి మధ్యాహ్నం మూడు వరకు వరండాలో ఉన్నాము. అక్కడికి వచ్చినవారందరూ నడవలేనివారు, కూర్చోలేనివారు. ఆవరణలోని మరుగుదొడ్డికి మూడు మెట్లు. వేపచెట్టు కింద ఆగి ఉన్న ట్రాలీ ఆటో వెనుక భాగంలో వాణ్ణి పడుకోబెట్టి మార్చాము. ఆటో అతడు తన కండువా తీసి ఒక పక్క పట్టుకున్నాడు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 1995 నాటి వికలాంగుల చట్టం 44వ సెక్షనులో రైలు పెట్టెల మరుగుదొడ్లనూ, వేచియుండు గదులనూ చక్రాల కుర్చీవారికి అనుకూలంగా మార్చాలని ఉన్నది. అయితే తమ ఆర్థిక స్తోమతకు లోబడి అని ముందే ఒక షరతు. వ్యాకరణం చదివినవానికి తెలుస్తుంది, ఆ షరతు విశేషణం కాదు, తలుపు గడియ. 2016 చట్టం ఏడు రకాల వైకల్యాలను ఇరవై ఒకటి చేసింది, మాట కూడా గట్టిది. సౌకర్యాల ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోతున్నాయని రాజీవ్ రటూరీ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తప్పుపట్టి, తప్పనిసరి నియమాలు చేయమని కేంద్రానికి మూడు నెలల గడువు ఇచ్చింది. నేను చూసిన రైళ్ళలో వికలాంగుల పెట్టెకు తలుపు వెడల్పు, దొడ్డిలో పట్టుకోవడానికి కమ్మీలు ఉన్నాయి, మేలే. అయితే ఆ కమ్మీ పట్టుకోగల చేయి ఉన్నవానికి అది ఉపయోగం. చట్టం కళ్ళముందు చక్రాల కుర్చీ నుండి దొడ్డి మీదికి జరగగల మనిషి ఉన్నాడు. పడుకోబెట్టి మార్చవలసిన మనిషి లేడు.

ఇంగ్లండులో ఉంటున్న నా శిష్యుడొకడు ఒకసారి ఫోటో పంపాడు. 'ఛేంజింగ్ ప్లేసెస్' అని తలుపుపై వ్రాసి ఉన్నది. ఇటువంటి పిల్లల తల్లిదండ్రులూ, సేవాసంస్థలూ కలిసి 2006లో ఆ పేరుతో ఉద్యమం మొదలుపెట్టారు. గది పన్నెండు చదరపు మీటర్లు. పెద్ద మనిషి పడుకోగలిగిన బల్ల, మీట నొక్కితే మన నడుము ఎత్తుకు వస్తుంది. మనిషిని కుర్చీ నుండి ఎత్తి బల్లపై దించడానికి పైకప్పుకు యంత్రం, చాటుకు తెర. 2021 నుండి ఇంగ్లండులో కొత్తగా కట్టే పెద్ద ప్రజాభవనాలలో అది ఉండి తీరాలి. మా ఇల్లాలు ఆ ఫోటోను చాలాసేపు చూసి, "ఆ బల్ల ఒక్కటి ఉంటే చాలు" అన్నది. యంత్రం మీద ఆమెకు ఆశ లేదు.

మనకు బల్ల లేకపోయినా తెర ఉన్నది. ఇది కూడా చరిత్రలో వ్రాయవలసిందే. వాడికి పదిహేనేళ్ళప్పుడు శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు తీసుకువెళ్ళాము. విద్యుద్దీపాల ప్రభలంటే వానికి ప్రాణం. దూరాన వెలుగు కనబడగానే చేతులు రెండూ పైకి లేస్తాయి. ఆ జనసముద్రంలో, సరిగ్గా ప్రభలు దగ్గరకు వచ్చే వేళకు, వాసన వచ్చింది. వెనక్కు వెళ్ళే దారి లేదు. ఒక ట్రాక్టరు ట్రక్కులో వరిగడ్డి పరుచుకుని కూర్చున్న ఆడవాళ్ళు మమ్మల్ని చూశారు. వారిది ఏ ఊరో మేము అడగలేదు. ఒక ముసలామె "ఎక్కించండయ్యా" అన్నది. నలుగురు లేచి వీపులు మా వైపు తిప్పి, రెండు దుప్పట్లు పట్టుకుని నిలుచున్నారు. ఎవరూ తొంగి చూడలేదు. పని ముగిసి, సంచీ మూతి కట్టాక, ఆమె వానికి చెరకుముక్క ఇవ్వబోయి, నమలలేడని తెలిసి తానే నమిలి రసం పట్టబోయింది. మా ఇల్లాలు మెల్లగా వారించింది. ఆ రాత్రి ప్రభలన్నీ వాడు ఆ ట్రక్కులో నుండే చూశాడు.

ఇప్పుడు వానికి ముప్పై ఏడు దాటాయి, నాకు అరవై అయిదు. సంచీ మూడవది, వీపుకు తగిలించుకునేది. ఎర్ర రబ్బరు షీటు మారలేదు. మరచెంబు స్థానంలో సీసాలు, నూనెతోపాటు జింకు పూత మందు, వాడినవి చుట్టడానికి పాత వార్తాపత్రికలు, నల్ల కవర్లు. రైలు కిటికీ నుండి ఏనాడూ ఒకటి పారవేయలేదని మాత్రం గర్వంగా చెప్పుకోగలను. ఎంత దూరమైనా మోసుకుని వచ్చి చెత్తబండికే ఇచ్చాము.

నా విద్యార్థిని గత ఆదివారం కొడుకుతో మా ఇంటికి వచ్చింది. ఫోనులో చెప్పేది కాదని నేనే రమ్మన్నాను. రైలులో కింది బెర్తులు ఎదురెదురుగా రెండు తీసుకోమన్నాను. పై బెర్తు గొలుసులకు దుప్పటి కట్టుకునేందుకు నాలుగు బట్టల క్లిప్పులు ఉంచుకోమన్నాను. బండి స్టేషనులో ఆగి ఉన్నప్పుడే మార్చడం మేలు, కుదుపు ఉండదు. బస గది మాట్లాడేటప్పుడు మిగతావన్నీ తరువాత, మంచం ఎత్తు ఎంత అని ముందు అడగమన్నాను. వాళ్ళాయన వెంట వచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడి సెల్‌ఫోను చూసుకుంటున్నాడు.

మా ఇల్లాలు సంచీ బోర్లించి అన్నీ చాప మీద పరిచింది. తరువాత ఆ అబ్బాయిని పిలిచింది. "నువ్వు రా నాయనా, ఈ మోకాళ్ళు పట్టుకో. లాగవద్దు, ఊరకే వంచి ఉంచు" అన్నది. అతను ఫోను జేబులో పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు. చేతులు వణికాయి. పిల్లవాడు తండ్రి ముఖం వైపు చూస్తున్నాడు.

నేను నీళ్ళ సంగతి చెప్పబోయాను. "అది నేను మొదటే చెప్పాను లెండి" అన్నది ఆమె, తల ఎత్తకుండా.